రెండు వందల గంటల శిక్షణ

చిత్తూరు చుట్టుపక్కల ఇనుముతో పని ఉన్నవాళ్ళెవరికైనా ధనంజయ సారు తెలుసు. ఊరి చివర ఒక ప్రైవేటు ఐటీఐలో ఇరవై ఒక్క ఏళ్ళు ఫిట్టర్ పని నేర్పాడాయన. చేరిన పిల్లలకు మొదటి నెలంతా ఆకురాయి తప్ప ఇంకేమీ అందనిచ్చేవాడు కాదు. ఇనుప దిమ్మను వైసులో బిగించి ముఖం చదునయ్యేదాకా అరగదీయమనేవాడు. అరచేతులు బొబ్బలెక్కి పిల్లలు ఏడుపుముఖం పెట్టేవాళ్ళు. ఆయన వచ్చి దిమ్మకు మూలమట్టం ఆనించి, కిటికీ వైపు ఎత్తిపట్టి చూసేవాడు. మధ్యలో వెంట్రుకంత వెలుతురు కనబడినా దిమ్మను తిరిగి బల్ల మీద పెట్టేసి, "ఇంకా ఉండాది. చెయ్యి," అని ముందుకు పోయేవాడు.

చొక్కా చేతులు మడవకుండా డ్రిల్లింగ్ మిషన్ దగ్గరికి వచ్చినవాడికి మాత్రం చెంప పగిలేది. ఎవరి కొడుకైనా సరే. తన దగ్గర చదివిన పిల్లల్లో ఒక్కడికి గోరు కూడా ఊడలేదని పెళ్ళి పందిళ్ళలో, బస్టాండుల్లో కనిపించినవాళ్ళకల్లా చెప్పుకునేవాడు. భార్య పంకజాక్షి, "ఇంకేం లేదా నీకు చెప్పుకునేదానికి?" అని నవ్వేది. నిజంగానే ఆయనకు ఇంకేం లేదు.

ఆ ఐటీఐ ఒక్కసారిగా మూతపడలేదు. బ్యాచికి అరవై మంది ఉండేది నలభై అయింది, తర్వాత ఇరవై, ఆఖరి సంవత్సరం పదకొండు మంది. మార్కులొచ్చిన పిల్లలు తిరుపతి కాలేజీలకు పోయారు. రానివాళ్ళు సూళ్లూరుపేట దగ్గర వెలిసిన ఫ్యాక్టరీలకు పోయారు. ఏ దేశం నుంచో వచ్చిన కంపెనీలు అవి. సెల్‌ఫోన్లు, చార్జర్లు, కార్ల వైర్లు చేస్తాయి. ఊరూరికీ బస్సు పంపించి పిల్లల్ని ఎక్కించుకునేవాళ్ళు. రెండేళ్ళు ఇనుము అరగదీసి వచ్చే జీతం అక్కడ మొదటి నెలలోనే వస్తుంటే ఆకురాయి ఎవడు పట్టుకుంటాడు?

ఐటీఐ స్థలం కొన్నవాళ్ళు షెడ్డు ఖాళీ చేయమన్నారు. లేతు మిషన్లు, వైసులు పాత ఇనుము కింద అమ్ముడుపోయాయి. వాటిని పునాదుల నుంచి ఊడదీసే పని యాజమాన్యం ధనంజయకే అప్పజెప్పింది, ఆ బోల్టులు ఎట్లా బిగించారో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి. మూడు రోజులు తన చేతులతో తానే విప్పి లారీకెక్కించాడు.

అప్పటికి ఆయనకు నలభై తొమ్మిదేళ్ళు. తెలిసిన షాపులన్నీ తిరిగాడు. ఆఖరికి తన శిష్యుడు మునిప్రసాద్ పెట్టుకున్న వర్క్‌షాపుకు పోయాడు. మునిప్రసాద్ లేచి నిలబడి, కుర్చీ తుడిచి కూర్చోబెట్టి, కాఫీ తెప్పించాడు.

"సార్, మీకు పనిచ్చేంత పెద్దోణ్ణి కాదు నేను."

"నాకు పెద్దరికం ఎందుకప్పా. ఒక మూల బెంచి ఇయ్యి, చాలు."

మునిప్రసాద్ తల దించుకుని, గాజు తలుపు వెనక తిరుగుతున్న కొత్త మిషన్‌ను చూపించాడు. "కంప్యూటర్‌తో నడిచే మిషన్ సార్ అది. కొలతలు కొట్టేస్తే అదే కోస్తాది. దానికి చెయ్యి అక్కర్లేదు. మీ చేతికి తగిన పని నా దగ్గర లేదు." తర్వాత షాపులో పనిచేసే పిల్లలందర్నీ పిలిచి ఆయన కాళ్ళకు దండం పెట్టించాడు. దండాలు పెట్టించుకుని ధనంజయ ఇంటికి నడిచి వచ్చాడు. పదకొండు నెలలు ఇంట్లోనే ఉన్నాడు. పంకజాక్షి జాకెట్లు కుట్టే మిషన్‌కు రోజూ నూనె వేసేవాడు. అవసరం లేకపోయినా వేసేవాడు.

అట్లాంటి రోజుల్లో నవీన్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తిరుపతి కుర్రాడు, ఎంబీఏ చదివాడు, ముప్పై దాటలేదు. బెంగళూరు కంపెనీ ఒకటి చిత్తూరులో శిక్షణ కేంద్రం పెట్టింది, దానికి మేనేజరు. ఫ్యాక్టరీలకు పిల్లల్ని తయారుచేసి పంపడం వాళ్ళ పని.

"మీ పేరు చెప్తే ఊళ్ళల్లో తలుపులు తీస్తారంట సార్. మాకు మీలాంటి సీనియర్ ట్రైనర్ కావాల."

ట్రైనర్ అన్న మాటకే ధనంజయ కరిగిపోయాడు. మరునాడు గడ్డం గీసుకుని, పాత ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని పోయాడు.

కేంద్రం ఒక కల్యాణమండపం మూడో అంతస్తులో ఉంది. అరవై ప్లాస్టిక్ కుర్చీలు, నాలుగు కంప్యూటర్లు, గోడనిండా నవ్వుతున్న పిల్లల బొమ్మలు. వేలిముద్ర వేసే మిషన్ గుమ్మం పక్కనే ఉంది. ధనంజయ అంతా కలియదిరిగి, "మిషన్లు యాడుండాయి?" అని అడిగాడు.

"మిషన్లు ఫ్యాక్టరీలో ఉంటాయి సార్. మనం పిల్లల్ని మెంటల్‌గా ప్రిపేర్ చేస్తాం."

మొదటి బ్యాచికి నెలన్నర శిక్షణ అని కాగితంలో ఉంది. ఆరో రోజు ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది, నలభై మంది వెంటనే కావాలని. నవీన్ సర్టిఫికెట్ల కట్ట తెచ్చి ధనంజయ ముందు పెట్టాడు. పవర్ ప్రెస్సు ఆపరేటర్, రెండు వందల గంటలు, శిక్షణ పూర్తి. కింద శిక్షకుడి సంతకానికి గీత.

"ఇది తప్పు నవీన్. టన్నుల బరువుతో రేకును ఒత్తే ప్రెస్సు మిషనంటే ఏందో వీళ్ళు కంటితో కూడా చూడలా."

నవీన్ విసుక్కోలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, మర్యాదగానే చెప్పాడు. "సార్, మీ కాలంలో పని నేర్చుకునేదానికి రెండేళ్ళు పట్టేది. ఇప్పుడు అక్కడ ఒక్కొక్కరికీ పది సెకన్ల పని. రేకు పెట్టు, నొక్కు, తియ్యి. పది సెకన్ల పనికి రెండు వందల గంటలు మీరు ఏం చెప్తారు?"

ధనంజయ దగ్గర జవాబు ఉంది. చాలా ఉంది. కానీ అది చెబితే రేపటి నుంచి మళ్ళీ కుట్టుమిషన్‌కు నూనె వేసుకుంటూ కూర్చోవాలి. సంతకం పెట్టాడు. మొదటి కట్టకు ఒక్కో పేరూ చదివి పెట్టాడు. మూడో కట్టకు పేర్లు చూడలేదు. ఏడాది తిరిగేసరికి ఒక చేత్తో కాఫీ తాగుతూ పెట్టేవాడు.

పిల్లల కోసం ఊళ్ళు తిరిగే పని కూడా ఆయనదే. పలమనేరు పక్క పల్లెలో జయంతి అట్లా దొరికింది. నాయన లేడు. తల్లి అలివేలమ్మ రెండు ఆవులు పెట్టుకుని డెయిరీకి పాలు పోస్తూ, టమాటా తోటల్లో కూలికి పోతూ బిడ్డను ఇంటర్ దాకా చదివించింది. లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి. పలమనేరులో డిగ్రీ చేరాలని దరఖాస్తు కూడా నింపి పెట్టుకుంది ఆ పిల్ల.

"డిగ్రీ చదివి ఏం చేస్తావు మా?" అన్నాడు ధనంజయ, వసారాలో వేసిన మంచం మీద కూర్చుని. "నీ మాదిరి డిగ్రీ చదివినోళ్ళు చిత్తూరులో చీరల అంగళ్ళల్లో నిలబడుకోనుండారు. చేతిలో పనుంటే ఏ దేశపు కంపెనీ వచ్చినా నిన్నే పిలస్తాది."

"నాకు మిషన్లంటే ఏమీ తెలీదు సార్."

"నేను నేర్పిస్తా గదా."

ఆ మాట అనేటప్పుడు ఆయన అబద్ధం చెప్పాలనుకోలేదు. ఇరవై ఏళ్ళుగా నోటికి అలవాటైన మాట అది, దానంతట అదే వచ్చేసింది. అలివేలమ్మ పాలచెంబు కిందపెట్టి ఆయన ముఖంలోకి చూసింది. "సారూ, నా తమ్ముడు నీ దగ్గరే సదివినాడు. నువ్వు కొట్టినావని ఏడ్సినాడు గానీ, ఈ పొద్దు బెంగళూరులో బాగుండాడు. నీ సేతిలో పెడతా ఉండా. అదీ నీ బిడ్డే అనుకో."

జయంతి కేంద్రంలో మూడు రోజులు ఉంది. మొదటి రోజు వేలిముద్ర వేసి ఫోటో దిగింది. రెండో రోజు వచ్చినవాళ్ళకు ఇంగ్లీషులో నమస్కారం ఎట్లా చెప్పాలో నేర్చుకుంది. మూడో రోజు తలకు టోపీ ఎట్లా పెట్టుకోవాలో, వరసలో ఎట్లా నిలబడాలో చూపించారు. మళ్ళీ వేలిముద్ర వేసింది. నాలుగో రోజు పొద్దున్నే బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపి, "సార్, మిషన్ క్లాసు ఎప్పుడు?" అని అరిచింది. "ఆడ చెప్తారు లే మా," అన్నాడు ధనంజయ.

ఐదు వారాలకు ఫ్యాక్టరీలో ప్రెస్సు కింద ఆమె కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మొదలంటా తెగిపోయాయి. ఉంగరపు వేలు సగం పోయింది.

జరిగింది ఇదీ. ఆ ప్రెస్సుకు రెండు పక్కలా రెండు బటన్లుంటాయి. రెండూ ఒకేసారి నొక్కితేనే అది దిగుతుంది. పని తొందరగా తెమలాలని ఎవరో ఒక బటన్‌ను నొక్కిపెట్టి దాని మీద టేపు చుట్టేశారు. ఆ టేపు అక్కడ ఎన్నాళ్ళుగా ఉందో ఎవరికీ తెలియదు. జయంతిని ఆ సీటులో కూర్చోబెట్టిన లైన్ లీడరు, ఎడమచేత్తో ఈ బటన్ నొక్కు, కుడిచేత్తో రేకు పెట్టు, తియ్యి, అని చూపించి వెళ్ళిపోయింది. రోజుకు నాలుగు వేల సార్లు పెట్టి తీసేది. ఆ రోజు ఒకసారి చెయ్యి తీయడం ఆలస్యమైంది.

తిరుపతిలో పెద్దాసుపత్రిలో చేర్చారని నవీన్ ఫోన్ చేశాడు. ధనంజయ వెళ్ళేసరికి అలివేలమ్మ వార్డు బయట నేల మీద కూర్చుని ఉంది. ఆయన్ను చూడగానే లేచి రెండు చేతులూ పట్టుకుంది. తిడుతుందని, ముఖాన ఉమ్ముతుందని అనుకుంటూ వచ్చాడు ఆయన.

"వచ్చినావా సారూ. ఎవురూ రాలే. కంపెనీవోళ్ళు సేర్పించేసి పోయినారు. నువ్వొక్కడివే దిక్కు. నువ్వు సెప్తే ఇంటారంట. బిడ్డకు ఏదన్నా దారి సూపించమని సెప్పు."

"చెప్తా," అన్నాడు ధనంజయ.

లోపల జయంతి కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని పడుకుని ఉంది. లేవబోయింది, టీచరు వస్తే లేచే అలవాటు. "నాదే తప్పు సార్," అంది. "నిదానంగా తీసినా."

ఫ్యాక్టరీల శాఖ తనిఖీ అధికారి వచ్చి విచారణ చేస్తాడని కబురొచ్చింది. నవీన్ ధనంజయను కారులో కూర్చోబెట్టుకుని అంతా విడమరచి చెప్పాడు. పని నేర్పకుండా పిల్లను ప్రెస్సు మీద కూర్చోబెట్టారని తేలితే ఫ్యాక్టరీ మీద కేసు. టేపు అప్పటికే తీసేశారు కాబట్టి, నేర్పారని తేలితే తప్పు ఆ పిల్ల అజాగ్రత్తది. "సర్టిఫికెట్ ఉంది, మీ సంతకం ఉంది. నేర్పినాను అని ఒక్క మాట చెప్పండి సార్, చాలు. లేదంటారా, మూడు వందల మందికి దొంగ సర్టిఫికెట్లు ఇచ్చింది ఎవరని అడుగుతారు. వాటి మీద నా సంతకం లేదు."

ధనంజయ ఇంటికొచ్చి పంకజాక్షికి చెప్పాడు. ఆమె గుడ్డ కత్తిరించడం ఆపి కత్తెర పక్కన పెట్టింది.

"నిజం చెప్పేసెయ్యి. మళ్ళా ఇంట్లో కూర్చుంటే కూర్చుందువు గానీ. నేను కుట్టడం లేదా? జైలంటే జైలు. ఆ పిల్ల ముఖం చూడలేక నువ్వు రోజూ చస్తావుంటే నేను చూడలేను."

చెప్పేస్తాననే అనుకున్నాడు. తిరుపతిలో బస్సు మారి సూళ్లూరుపేట చేరేదాకా, ఆ వాక్యాన్ని మనసులో పదే పదే అనుకుంటూ పోయాడు. ఆ పిల్లకు నేను ఏమీ నేర్పలేదు సార్. ఆ పిల్లకు నేను ఏమీ నేర్పలేదు సార్.

ఫ్యాక్టరీకి కూలీలను సరఫరా చేసే కాంట్రాక్టరు ఆఫీసులో విచారణ జరిగింది. అధికారి నెమ్మదస్తుడు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడుగుతున్నాడు. ముందు జయంతిని పిలిచాడు. తల్లి చెయ్యి పట్టుకుని వచ్చి నిలబడింది.

"నీకు మిషన్ గురించి ఎవరైనా చెప్పారామ్మా? భయపడకుండా చెప్పు."

జయంతి ఒకసారి నవీన్ వైపు చూసింది. తర్వాత ధనంజయ వైపు చూసింది.

"సారు అంతా నేర్పించినారు సార్."

"ఎన్ని గంటలు?"

"రెండు నూర్ల గంటలు."

"బటన్ల గురించి?"

"సెప్పినారు. నేనే మర్సిపోయినా."

ధనంజయకు నవీన్ తనకంటే ముందే ఆ పిల్ల దగ్గరికి పోయాడని అప్పుడు అర్థమైంది. నువ్వు నిజం చెబితే మీ సారు జైలుకు పోతాడు, కంపెనీ మాట వింటే వేరే పని ఇస్తారు, అని ఉంటాడు. జైలన్న మాటకే పిల్ల ఒప్పుకుని ఉంటుంది. అలివేలమ్మ ఆయన్నే చూస్తోంది. మేము మా వంతు చేసినాం సారూ, ఇంక బిడ్డకు దారి సూపించు, అన్నట్టుంది ఆ చూపు.

అధికారి ఆయన వైపు తిరిగాడు. "మీరేనా ధనంజయ? ఈ అమ్మాయి చెప్పింది నిజమేనా?"

బస్సులో అనుకుంటూ వచ్చిన వాక్యం నోటిదాకా వచ్చింది. పిల్ల అబద్ధమాడిందని తానే చెప్పాలి ఇప్పుడు. నిజం చెప్పకపోవడానికి అదే మంచి కారణంగా తోచింది ఆయనకు, ఆ కారణాన్ని గబుక్కున పట్టేసుకున్నాడు. లోలోపల మాత్రం, హమ్మయ్య, అనుకున్న సంగతి ఆయనకు తెలుసు. చచ్చేదాకా తెలుస్తూనే ఉంటుంది.

"నిజమే సార్," అన్నాడు. కాగితం కింద సంతకం చేశాడు.

ఫ్యాక్టరీ మీద కేసు లేకుండా పోయింది. జయంతికి ఫ్యాక్టరీ గేటు దగ్గర, వచ్చినవాళ్ళకు చీటీలిచ్చే పని ఇచ్చారు. రెండు నెలలకు కాంట్రాక్టరు మారాడు. కొత్తవాడి జాబితాలో ఆమె పేరు లేదు. పాత కాంట్రాక్టరు ఏం మాటిచ్చాడో తనకు తెలియదన్నాడు. ఆమె పలమనేరు తిరిగి వచ్చింది. ఆ చేత్తో పాలు పిండడం కుదరలేదు. ఎడమచేత్తో పిండబోతే ఆవు తన్నింది.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం ధనంజయ ఇంటికి వచ్చింది. పంకజాక్షి లోపలికి పిలిచి అన్నం తినమంటే, తినేసి వచ్చినానంది. ప్లాస్టిక్ కవరులోంచి సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టింది.

"సార్, తిరుపతిలో ఒక కంపెనీలో ఉద్యోగానికి పోయినా. కూర్సుని సరుకు సూసుకునే పని, వేళ్ళతో పని లేదు. ఈ కాగితం సూసినారు. రెండు నూర్ల గంటలు నేర్సుకోని కూడా సెయ్యి పోగొట్టుకున్నావంటే నువ్వెంత అజాగ్రత్తదానివి, అన్నారు. పనీలే."

ధనంజయ సర్టిఫికెట్ కింద తన సంతకం వైపు చూశాడు.

"ఇంకో సోట అడిగితే సెప్పేదానికి నాకు తెలియాల గదా సార్. ఇందులో ఏముంటాదో కొంచెం సెప్పండి. రెండు నూర్ల గంటలు వద్దు. ముఖ్యమైంది సెప్పండి."

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. నోటుబుక్కు కూడా తెచ్చుకుంది. ఎడమచేతిలో పెన్ను పట్టుకుని, వంకర అక్షరాలతో రాసుకోవడానికి సిద్ధంగా కూర్చుంది. ధనంజయ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ప్రెస్సు ముందు కూర్చోగానే చేయాల్సిన మొదటి పని, చేతులు లోపలికి పోకుండా ఆపే అడ్డుతెర ఉందో లేదో చూసుకోవడం. రేకు ఇరుక్కుంటే చేత్తో తీయకూడదు, కరెంటు ఆపాలి. రెండు బటన్లు ఎందుకుంటాయంటే, రెండు చేతులూ వాటి మీదే ఉండాలని. చేతులు అక్కడుంటే ప్రెస్సు కింద ఉండవు. ఒక బటన్ పనిచేయకపోయినా, దాని మీద ఏదన్నా అంటించి ఉన్నా, ఆ మిషన్ ముందు కూర్చోకూడదు. లేచి వచ్చేయాలి.

జయంతి రాయడం ఆపింది.

"ఆ టేపు మిషన్‌తోనే వచ్చిందేమో అనుకున్నా సార్ నేను."

కాసేపు తన పుస్తకంలోకి చూసుకుంది. తలెత్తి గోడగడియారం వైపు చూసింది.

"ఇంతేనా సార్?"

"ఇదే... ఇదే ముఖ్యమైంది మా."

"అయిదు నిమిషాలు కూడా పట్టలే గదా."

అంతే అంది. కోపం కూడా లేదు. పుస్తకం, సర్టిఫికెట్ కవరులో పెట్టుకుని, మూడింటి బస్సు పోతే ఇంకోటి ఆలస్యమంటూ లేచింది. పంకజాక్షి గుమ్మం దాకా పోయి, తిరిగొచ్చి, మొగుడి వైపు చూడకుండా కుట్టుమిషన్ ముందు కూర్చుంది.

ఆ సోమవారం కొత్త బ్యాచికి ధనంజయ ఆ అయిదు నిమిషాలు చెప్పాడు. నల్లబల్ల మీద ప్రెస్సు బొమ్మ గీసి, రెండు బటన్లు గీసి, టేపు సంగతి చెప్పాడు. జయంతి పేరు చెప్పకుండా, ఏం జరిగిందో కూడా చెప్పాడు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. మరునాటికి నలుగురు తల్లిదండ్రులు వచ్చి బిడ్డల్ని తీసుకుపోయారు. బుధవారానికి ఇంకో ముగ్గురు రాలేదు.

నవీన్ ఆయన్ను గదిలోకి పిలిచాడు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. "సార్, బెంగళూరు నుంచి అడిగినారు. పిల్లలు ఎందుకు తగ్గినారని. మీ మీద గౌరవంతో నేనేదో సర్ది చెప్పినా. ఇంకోసారి నా వల్ల కాదు."

ధనంజయ సరేనన్నాడు.

తరువాతి బ్యాచిలో, మూడో రోజు, టోపీలు పెట్టుకోవడం అయ్యాక, ముందు వరసలో కూర్చున్న సోమల నుంచి వచ్చిన పిల్ల ఒకతి లేచి నిలబడింది. "సార్, ప్రెస్సు మీద పనంటే బయమంట గదా. సేతులు పోతాయంటారు. నిజమా?"

అరవై జతల కళ్ళు ఆయన మీదికి తిరిగాయి. గుమ్మం దగ్గర నవీన్ ఫోను చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.

"అట్లాంటిదేం లేదు మా," అన్నాడు ధనంజయ. "పోండి. ఆడికి పోయినాక వాళ్ళే చెప్తారు."

పిల్ల నమ్మకంగా తలూపి కూర్చుంది. ఆయన సర్టిఫికెట్ల కట్ట ముందుకు లాక్కున్నాడు.